ఐల్ట్స్ లిజనింగ్: వినపడుతోంది గానీ మార్కులు పడట్లేదా? తప్పు ఎక్కడ జరుగుతోందో పట్టుకోండి

"రోజుకో మాక్ టెస్ట్ రాస్తున్నా పెద్దమ్మా, 25 దగ్గరే ఆగిపోతోంది" అంది మా చెల్లెలి కూతురు. విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐల్ట్స్, అందులో విని జవాబులు రాసే భాగం లిజనింగ్ దగ్గరే తన తిప్పలు. నోట్‌బుక్ తెప్పించి చూశాను. పందొమ్మిది టెస్టులు, ప్రతి పేజీలో టిక్కులు, ఇంటూలు, అడుగున మొత్తం. తప్పయినవి ఎందుకు తప్పయ్యాయో మాత్రం ఒక్క పేజీలోనూ లేదు. గంటకోసారి థర్మామీటర్ పెట్టుకున్నంత మాత్రాన జ్వరం తగ్గదు కదా. కోచింగ్ సెంటర్లు ఎక్కువగా చేయించేది ఈ థర్మామీటర్ పనే.

లెక్క ఒకసారి చూద్దాం. లిజనింగ్‌లో నాలుగు పార్టులు, 40 ప్రశ్నలు, సుమారు 30 నిమిషాలు. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. ఐల్ట్స్‌లో ఉన్న రెండు రకాల్లో అకడమిక్ రాసినా జనరల్ ట్రైనింగ్ రాసినా లిజనింగ్ పేపరు ఒకటే. సుమారుగా 23 కరెక్టయితే బ్యాండ్, అంటే ఐల్ట్స్ ఇచ్చే స్కోరు, 6, 30 అయితే 7, 35 అయితే 8. అంటే 6కీ 7కీ మధ్య ఉన్నది ఏడు ప్రశ్నలే. ఆ ఏడూ ఏడు రకాలుగా పోవు, చాలామందికి రెండు మూడు రకాలుగానే పోతాయి.

ముందు రోగం ఏదో తేల్చుకోండి

టెస్ట్ అయ్యాక తప్పయిన ప్రతి ప్రశ్న దగ్గరికీ వెళ్ళి, స్క్రిప్టు (ఆడియోలోని మాటలు రాసి ఉన్న కాగితం) చూడకుండా ఆ ముక్క మళ్ళీ వినండి. రెండోసారి సులువుగా దొరికిపోతే, మొదటిసారి మీ ధ్యాస అక్కడ లేదన్నమాట. పక్కన "ధ్యా" అని రాయండి. మూడుసార్లు విన్నా దొరకక, స్క్రిప్టు తెరిస్తే "అరే, ఇదా!" అనిపిస్తే "చె", అంటే చెవి. స్క్రిప్టు చదివినా అర్థం కాకపోతే "మా", మాట తెలియదు. సరిగ్గానే విని రాయడంలో పోగొట్టుకుంటే "రా".

మా అమ్మాయి చివరి టెస్టులో తప్పులు పదిహేను. ఇలా గుర్తులు పెడితే చె 6, ధ్యా 5, రా 3, మా 1 తేలాయి. అప్పటిదాకా ఆ పిల్ల రాత్రిళ్ళు కూర్చుని వొకాబులరీ లిస్టులు బట్టీ పడుతోంది. ఆ ఒక్క మార్కు కోసం!

సమస్య: "స్క్రిప్టులో అన్నీ తెలిసిన మాటలే, వింటే మాత్రం తెలియట్లేదు"

కారణం: మనం ఇంగ్లిష్‌ని కంటితో నేర్చుకున్నాం. పుస్తకంలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది, నోటి మాటలో ఉండదు. తెలుగులో ఇది మనకి కొత్త కాదు. "ఎక్కడికి వెళ్తున్నావు" అని రాస్తాం, "ఎక్కడికెళ్తున్నావ్" అంటాం. బళ్ళో దానికి సంధి అని పేరు కూడా పెట్టి నేర్పారు. ఇంగ్లిష్‌లోనూ అదే జరుగుతుంది, కాకపోతే మనకి ఎవరూ నేర్పలేదు. "ఫిల్ ఇట్ ఇన్" అన్నది "ఫిలిటిన్" అవుతుంది. బలం లేని చిన్న మాటలు ఇంకా నలిగిపోతాయి. "హావ్" కాస్తా "అవ్", "హిమ్" కాస్తా "ఇమ్", "అండ్" ఒక్కోసారి వట్టి "న్". మనమేమో ప్రతి మాటనీ విడివిడిగా, స్పెల్లింగులో ఉన్నట్టు పలుకుతాం. "కంఫర్టబుల్"లో నాలుగు ముక్కలూ వినపడాలని చూస్తాం, వాళ్ళు "కంఫ్టబుల్" అని మూడింట్లో ముగిస్తారు. "వెజిటబుల్" వాళ్ళ నోట "వెజ్టబుల్".

పరిష్కారం: డిక్టేషన్. పాతకాలం పద్ధతే, దీన్ని మించింది నాకు దొరకలేదు. స్క్రిప్టు ఉన్న ఆడియోలోంచి ఇరవై సెకన్ల ముక్క తీసుకోండి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ వాళ్ళ ఆరు నిమిషాల ప్రోగ్రాం స్క్రిప్టుతో సహా ఉచితంగా దొరుకుతుంది. ఆపుతూ, వెనక్కి తిప్పుతూ విన్నది విన్నట్టు రాయండి. అర్థం కానిచోట చెవికి తగిలిన శబ్దాన్నే తెలుగులో రాసిపెట్టుకోండి. తర్వాత స్క్రిప్టుతో పోల్చండి.

మా అమ్మాయి మొదటిరోజు రాసినదాంట్లో ఒక వాక్యం: "ఐ షుడ్ ఆఫ్ టోల్ డిమ్ అబౌటిట్." రాసి, "డిమ్ అంటే లైట్ డిమ్మా పెద్దమ్మా?" అని అడిగింది. అసలు వాక్యం "ఐ షుడ్ హావ్ టోల్డ్ హిమ్ అబౌట్ ఇట్". నిజానికి తన చెవి తప్పు చేయలేదు. "టోల్డిమ్" అన్నదాన్ని ఎక్కడ విరవాలో తెలియలేదు, అంతే. స్క్రిప్టుతో పోల్చాక అదే ముక్కని ఐదుసార్లు వినిపించి, ఆ వేగంతోనే వెంట పలికించాను. నోరు పలికినదాన్ని చెవి తొందరగా పడుతుంది. రోజుకి పదిహేను నిమిషాలు చాలు, మూడు వారాలు వదలకుండా చేయండి. ఆ మూడు వారాలూ మాక్ టెస్టులు వారానికి ఒకటే.

స్పీడు 0.75కి తగ్గించి వినే అలవాటుంటే మానేయండి. తగ్గిస్తే శబ్దాలు సాగి ఇంకోలా వినిపిస్తాయి. అసలు పట్టు దొరకని చోట ఒకసారి వాడుకుని, వెంటనే మామూలు వేగానికి వచ్చేయండి.

సమస్య: చివర "ఎస్" పోతోంది, టికెట్స్ అంటే టికెట్ అని రాస్తున్నాను

ఇది అచ్చంగా మన తెలుగువాళ్ళ బాధ. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనో సున్నాతోనో ముగుస్తాయి. అరువు తెచ్చుకున్న మాటకి కూడా బస్సు, కప్పు, లైటు అని తోక తగిలిస్తాం. మాట చివర గాలిలా వదిలేసే "ట్", "డ్", "స్" మన చెవికి ఆనవు.

చెవి తయారయ్యేలోపు వ్యాకరణం ఆదుకుంటుంది. ప్రశ్నలో మీరు నింపాల్సిన ఖాళీకి ముందు "ఎ" గానీ "యాన్" గానీ ఉంటే ఏకవచనం. అవేమీ లేకుండా, లెక్కపెట్టగలిగిన వస్తువైతే బహువచనం అయ్యే అవకాశమే ఎక్కువ. ఆడియో మొదలవ్వక ముందు ఇచ్చే అరనిమిషంలో ఇలాంటి ఖాళీల పక్కన "ఎస్?" అని గుర్తు పెట్టుకోండి.

సమస్య: పేర్లు, నంబర్లు తారుమారు

పార్ట్ 1లో ఫోన్ నంబరు, పోస్ట్‌కోడ్, ఇంటిపేరు స్పెల్లింగ్ లాంటివి వస్తుంటాయి. మార్కులు తేలిగ్గా పడాల్సిన చోటే పోతున్నాయంటే అక్షరాల పేర్లు మనం పలికినట్టు వాళ్ళు పలకకపోవడమే కారణం. మన "హెచ్" వాళ్ళకి "ఎయిచ్". బ్రిటిష్ గొంతులో "ఆర్" అన్నది వట్టి "ఆ"లా ఉంటుంది, చాలామంది దాన్ని "ఎ" అనుకుని రాసేస్తారు. "జెడ్" అమెరికావాళ్ళ నోట "జీ". ఆస్ట్రేలియావాళ్ళ "ఎ" మనకి "ఐ"కి దగ్గరగా వినిపిస్తుంది, వాళ్ళ "డే" కూడా "డై"లానే ఉంటుంది. సున్నాని "ఓ" అంటారు. రెండు నాలుగులుంటే "డబుల్ ఫోర్".

థర్టీన్, థర్టీ గొడవకి "న్" కోసం వెతక్కండి, దాన్ని తరచుగా మింగేస్తారు. ఊనిక ఎక్కడ పడుతోందో చూడండి. థర్టీలో బరువు మొదటి ముక్క మీద, రెండోది పొట్టి. థర్టీన్‌లో "టీన్" సాగుతుంది.

ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి పేర్లు, నంబర్లు చదివించుకుంటే లాభం లేదు, వాళ్ళూ మనలాగే పలుకుతారు. ఫోన్‌లోని టెక్స్ట్ టు స్పీచ్‌ని బ్రిటిష్, ఆస్ట్రేలియన్ గొంతులకి మార్చి చదివించుకోండి.

సమస్య: "వాళ్ళు చెప్పిందే రాశాను, అయినా తప్పంటున్నారు"

కారణం: వాళ్ళు ముందు ఒకటి చెప్పి, తర్వాత మార్చారు. మీరు ముందుది రాసి చెవులు మూసుకున్నారు.

పరీక్షలో ఇది కావాలనే పెడతారు. ఉదాహరణకి డెంటిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్. రిసెప్షనిస్ట్ శుక్రవారం పదింటికి రమ్మంటుంది. ఇవతలి ఆయన సరేనంటాడు. మీరు "ఫ్రైడే" రాసేస్తారు. ఇంతలో ఆయనే "అయ్యో, ఆ రోజు నాకు మీటింగ్ ఉంది, ముందు రోజు కుదురుతుందా?" అంటాడు. కుదురుతుందంటుంది. జవాబు థర్స్‌డే. అయితే ఆ మాట ఆడియోలో ఎవరూ అనలేదు, మీరే లెక్క కట్టుకోవాలి.

పరిష్కారం: మొదట విన్నది రాయండి, పెన్ను మాత్రం దించకండి. సంగతి మారి తర్వాతి ప్రశ్నలోకి వెళ్ళేదాకా ఆ జవాబు ఖాయం కాదు. "యాక్చువల్లీ", "ఓ వెయిట్", "ఐ మీన్", "బట్", "ఇట్ యూజ్డ్ టు బీ" ఇలాంటివి వినిపించాయంటే బేరం ఇంకా తెగలేదని అర్థం. పాత టెస్టుల్లో పార్ట్ 1 స్క్రిప్టులు ఐదారు ముందేసుకుని, జవాబుకి ఒక రంగు, ఊరించి తప్పించిన దానికి ఇంకో రంగు గీయండి. మూడో స్క్రిప్టుకల్లా వాళ్ళ ఎత్తులు తెలిసిపోతాయి.

సమస్య: ఒకటి పోతే దాని వెనకాలే మూడు నాలుగు పోతున్నాయి

వెళ్ళిపోయిన బస్సు వెనకాల పరిగెత్తుతూ వచ్చే బస్సుని వదిలేస్తున్నారు. పార్ట్ 4లో ఇది మరీ ఘోరం. ఒక్కరే లెక్చర్ చెబుతూ పోతారు, పది ప్రశ్నలు, మధ్యలో ఆగడం ఉండదు.

ఒక పార్టులో జవాబులు ప్రశ్నల వరసలోనే వస్తాయి, మనకున్న ఆధారం అదే. కన్ను ఎప్పుడూ రెండు ప్రశ్నల మీద ఉండాలి: ఇప్పటిది, తర్వాతిది. తర్వాతి ప్రశ్నకి సంబంధించిన మాట చెవిన పడిందంటే ఇప్పటిది అయిపోయినట్టే. వదిలేసి దూకండి. "నౌ", "టర్నింగ్ టు", "అనదర్", "ఫైనల్లీ" మైలురాళ్ళ లాంటివి.

ఈ వదిలేయడమే ఎవరికీ చేతకాదు, మనసు ఒప్పుకోదు. అందుకే దాన్ని సాధన చేయాలి. టెస్ట్ మొదలుపెట్టే ముందు ఏవైనా నాలుగు ప్రశ్నలకి ఇంటూ కొట్టి, వాటిని కావాలనే వదిలేస్తూ మిగతావి రాయండి. పది నిమిషాల్లోనే ఆ కంగారు ఎక్కడ పుడుతోందో మీకే కనపడుతుంది.

సమస్య: మూడు ఆప్షన్లూ వినిపించాయి

వినిపిస్తాయి. పార్ట్ 3లో ఇద్దరు ముగ్గురు స్టూడెంట్లు, ట్యూటర్ మాట్లాడుకుంటారు. ఆప్షన్‌లోని మాటే ఆడియోలో వినపడితే సంబరపడకండి, అది తరచుగా తప్పుడు ఆప్షనే. సరైనది వేరే మాటల్లో వస్తుంది. "చీప్" అని ఆప్షన్‌లో ఉంటే ఆడియోలో "డిడ్ంట్ కాస్ట్ మచ్" అంటారు. ఆప్షన్లు చదివేటప్పుడే ఒక్కోదాన్ని మనసులో తెలుగులోకి తిప్పేసుకోండి. అప్పుడు చెవి మాట కోసం కాకుండా భావం కోసం చూస్తుంది.

ఇంకొకటి, వాళ్ళు మొహం మీద కాదనరు. "వెల్, ఐ సపోజ్ సో, బట్..." అని సాగదీస్తే అది ఒప్పుకోవడం కాదు. మన పెళ్ళి సంబంధాల్లో "చూద్దాం లెండి, కబురు చేస్తాం" అన్నట్టు.

మ్యాప్, స్పెల్లింగ్

మ్యాప్ వస్తే ముందు మీరు నిలబడ్డ చోటు, ఉత్తరం గుర్తు చూసుకోండి. ఆడియోతోపాటు వేలో మౌసో కదుపుతూ వెళ్ళండి. ఆపోజిట్, బిసైడ్, జస్ట్ పాస్ట్ లాంటి మాటలు పదిహేను వస్తే చాలు.

స్పెల్లింగ్ తప్పయితే జవాబు తప్పే. బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగుల్లో ఏదైనా ఒప్పుకుంటారు. అకామడేషన్‌లో సి రెండు, ఎం రెండు. ఎన్విరాన్‌మెంట్, గవర్నమెంట్‌లలో ఎం ముందు ఎన్ ఉంది. వెడ్నెస్‌డేలో పలకని డి ఉంది. రెండు మాటలకి మించొద్దంటే మూడు రాస్తే సున్నా, ముందు "ది" అనవసరంగా తగిలించినా సరే.

సమస్య: ఇంట్లో 32, సెంటర్‌లో 27

ఇంట్లో ఎలా రాస్తున్నారో నిజం చెప్పండి. మంచం మీద పడుకుని, ఫోన్ స్పీకర్లో, మధ్యలో పాజ్ కొట్టి అమ్మ పిలిస్తే వెళ్ళొచ్చి. అలా వచ్చిన 32ని లెక్కలోకి తీసుకోకండి. సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసే ఇంగ్లిష్ సిరీస్ కూడా అంతే, అది రీడింగ్ ప్రాక్టీస్.

వారానికి ఒక్క టెస్టయినా టేబుల్ దగ్గర కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టి, నాలుగు పార్టులూ ఆపకుండా రాయండి. కంప్యూటర్ మీద పరీక్షైతే ఇంట్లోనూ కీబోర్డ్ మీదే రాయండి. పేపరు మీద పరీక్ష ఉన్నచోట జవాబులు ఎక్కించుకోవడానికి చివర 10 నిమిషాలిస్తారు, కంప్యూటర్‌లో సరిచూసుకోవడానికి 2 నిమిషాలే. ఆ తేడా తెలియక, అలవాటుగా రఫ్ పేపరు మీద రాసుకుని చివర టైప్ చేద్దామనుకుంటే మునిగినట్టే. ఖాళీ మాత్రం ఒక్కటీ వదలొద్దు, తప్పుకి మైనస్ మార్కుల్లేవు.

మొదట్లో సౌండ్ చెక్ చేసుకోమన్నప్పుడు మొహమాటపడకండి. వాల్యూమ్ సరిపోకపోయినా, ఒక చెవిలోనే వినిపిస్తున్నా, ఆ క్షణమే చెయ్యెత్తండి. పార్ట్ 2లో ఎత్తితే మీ కోసం ఆడియో వెనక్కి తిప్పరు.