మహేంద్రగిరి ఎక్కే ముందు ముఖలింగం చూడండి

మాది పర్లాకిమిడి. ఇంటికి ఏ చుట్టం వచ్చినా మహేంద్రగిరి దారి చెప్పమంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఫోన్లో మ్యాపు సరిగ్గా చూసుకోండి. ఇస్రో వాళ్లు రాకెట్ ఇంజన్లు పరీక్షించే మహేంద్రగిరి తమిళనాడులోది. మనది ఒడిశా గజపతి జిల్లాలో ఉంది, ఎత్తు 1,501 మీటర్లు. ఇంకో తిరకాసు కూడా ఉంది: ఈ కొండ ఉన్న బ్లాకు పేరు రాయగడ, గుణుపురం అవతల జిల్లా కేంద్రమైన రాయగడ పట్నం వేరు. బస్సెక్కే ముందు ఏ రాయగడో కండక్టర్ని అడగండి. రైల్లో వచ్చేవాళ్లు నౌపడలో దిగి గుణుపురం బండి పట్టుకుంటే పర్లాకిమిడిలో దిగొచ్చు. 1900లో మా రాజావారు వేయించిన చిన్న లైను అది, ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది.

చాలామంది సూర్యోదయం కోసం చీకట్లోనే నేరుగా కొండెక్కేస్తారు. నాలుగు ఫొటోలు తీసుకుని, పైన ఉన్నవి పాతరాళ్లేగా అనుకుంటూ దిగొచ్చేస్తారు. అందుకే ముందు రోజు ముఖలింగం వెళ్లిరమ్మంటాను. వంశధార ఒడ్డున శ్రీకాకుళం జిల్లాలో ఉంది. కళింగను ఏలిన తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులంటారు. మధుకేశ్వరుడికి దండం పెట్టుకుని సోమేశ్వరాలయం చుట్టూ తీరిగ్గా ఒకసారి తిరగండి. ఆ రాజులు ఎక్కడ భూమి దానమిచ్చినా, రాగిరేకుల మీద ముందుగా రాయించుకున్నది మహేంద్రాచల శిఖరం మీది గోకర్ణస్వామి పేరే. రాజధాని కింద, కులదైవం పైన. ఇది తెలిశాక కొండ మీది చిన్న గుళ్లు కంటికి చిన్నగా ఆనవు.

కొండకి కోయిన్‌పూర్ మీదుగా వెళ్లాలి. ఘాట్ మలుపులు కొత్తవాళ్లకి కష్టం, ఆ దారి తెలిసిన డ్రైవర్ ఉన్న జీపు మాట్లాడుకోండి. బండి దిగాక ఎలాగూ కొంత నడక ఉంటుంది. పులిహోర పొట్లం, నీళ్లు పర్లాకిమిడి నుంచే పట్టుకెళ్లండి. దారిలో సవర పల్లెలు తగులుతాయి. ఫొటో తీసే ముందు వాళ్లనొక మాట అడగండి.

పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో గుళ్లున్నాయి. గోకర్ణేశ్వరుడి లింగం ఉన్నది కుంతి గుడిలో. భీముడి గుడి దగ్గర మాత్రం కాసేపు ఆగండి. బండల్లాంటి రాళ్లు, కొద్ది వరసల్లోనే శిఖరం దాకా వచ్చేశాయి. భీముడు కాక ఇంకెవడు ఎత్తాడని మా మామ్మ అనేది. నిజంగా ఎవరు ఎత్తించారో గానీ, ఆ పనివాళ్ల చేతులకు దండం పెట్టాలి.

రాజేంద్రచోళుడి శాసనాన్ని మాత్రం తప్పకుండా వెతకండి. 11వ శతాబ్దంలో చోళసేన ఇంత దూరం వచ్చి, కొండ మీద జయస్తంభం నిలిపామని సంస్కృతంలోనూ తమిళంలోనూ చెక్కించింది. పక్కనే చోళుల రాజచిహ్నంగా పులి, జంట చేపలు చెక్కి ఉంటాయి. ఎండ నడినెత్తికొస్తే అక్షరాలు కనపడవు. పొద్దున్న ఏటవాలు వెలుగులో చూడండి, లేదా టార్చి పక్కనుంచి కొట్టండి, గీతల్లో నీడ పడి అక్షరం తేలుతుంది. సుద్ద రుద్దడం, నూనె పూయడం పనికిరాదు, రాయి పాడవుతుంది. ఆ శతాబ్దం దాటేలోపే గంగరాజుల ఇంటికి చోళుల ఆడపడుచు కోడలిగా వచ్చింది. ఆమె కొడుకే అనంతవర్మ చోడగంగ. 1078లో పట్టాభిషిక్తుడై, తర్వాత రాజధానిని కటకానికి మార్చాడు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. గాలి తేటగా ఉన్న రోజు తూర్పున సముద్రం కూడా కనిపిస్తుంది. శివరాత్రికి పెద్ద జాతర, గుళ్లు తీరిగ్గా చూడాలంటే ఆ రోజు వద్దు. అక్టోబరులో తుపాను కబురు వింటే ప్రయాణం మానుకోండి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం చనిపోయారు. మామూలు రోజుల్లోనూ మంచు దిగక ముందే, మూడింటికల్లా బండి కిందికి తిప్పమని డ్రైవర్‌కి పొద్దున్నే చెప్పేయండి.