హోటల్ డ్యూటీలో గ్యాప్ లెక్క: రాసుకోవడం ఎట్లా, అడగడం ఎట్లా

హైదరాబాద్–విజయవాడ హైవే మీద హోటల్ పని బస్సుల వెంట నడుస్తుంది. పొద్దున్నే టిఫిన్ల రష్, పన్నెండున్నర నుంచి మూడు దాకా భోజనాలు, చీకటి పడ్డాక మళ్లీ గిరాకీ. మధ్యలో మూడు నుంచి ఆరు దాకా టేబుళ్లు ఖాళీ. దాన్నే గ్యాప్ అంటారు. జీతం లెక్కలో ముందు ఎగిరిపోయేది కూడా అదే. నార్కెట్‌పల్లి వైపు హోటళ్లలో నేను సప్లయర్‌గా చేరి, తర్వాత కౌంటర్ దాకా వచ్చాను. మా చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు, రోజు కూలికి వచ్చేవాళ్లైనా గంటకింత అని మాట్లాడుకున్న కాలేజీవాళ్లైనా, నన్ను అడిగేది ఒకటే: "అన్నా, గ్యాప్‌కు పైసలు రావా?"

ముందు ఆ గ్యాప్ ఎవరిదో తేల్చుకోవాలి. "పోయి ఆరింటికి రా" అన్నారనుకోండి, మీరు గేటు దాటి పోవచ్చు, కటింగ్ చేయించుకోవచ్చు, ఫోన్ ఆపేసి పడుకోవచ్చు. అది మీ టైమే, దానికి జీతం అడగకండి. "ఈడనే ఉండు, బస్సు ఆగితే లేవాలె" అన్నారంటే అది డ్యూటీయే. కూర్చున్నా డ్యూటీయే.

అసలు మోసం ఈ రెంటికీ మధ్యలో జరుగుతుంది. వెనక వంటింటి గోడకు ఆనుకుని, ఖాళీ నూనె డబ్బా మీద కూర్చుని అప్పుడే నాలుగు ముద్దలు తిని ఉంటాడు పిల్లగాడు. మేనేజర్ తలుపులోంచి తొంగి చూస్తాడు. "ఖాళీగనే ఉన్నవు గదా, గా ఉల్లిగడ్డలు కొయ్యరాదురా." బస్తా విప్పితే అది ఒక గంట పని. అయిపోయేసరికి గ్లాసులు తుడవాలి, నీళ్ల క్యాన్లు దించాలి. హాజరు పుస్తకంలో మాత్రం ఆ గంటలు బ్రేక్ కిందే ఉంటాయి. అమెరికాలో చదువుకుంటున్న మా బంధువుల అబ్బాయి చెబితే తెలిసింది: అక్కడి కేంద్ర నిబంధనల ప్రకారం ఇరవై నిమిషాల లోపు బ్రేక్ ఇస్తే దానికీ జీతం ఇవ్వాలి. భోజనం బ్రేక్‌కు జీతం కోయాలన్నా ఆ సేపు మనిషిని పని నుంచి పూర్తిగా వదిలేయాలి. ఆ నిబంధనలు మన దగ్గర చెల్లవు, కానీ గ్యాప్‌ను తూచడానికి ఆ తూకమే బాగుంటుందని నాకనిపిస్తుంది.

ఇక మన చట్టం. తెలంగాణలో హోటళ్లకు 1988 నాటి షాపులు, సంస్థల చట్టం వర్తిస్తుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. వరసగా 5 గంటలు పనిచేశాక కనీసం గంట విశ్రాంతి. వారానికి ఒక రోజు సెలవు. వీటన్నిటికంటే మనకు పనికొచ్చే నియమం ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు: పని, విశ్రాంతి రెండూ కలిపి రోజులో 12 గంటలు దాటకూడదు. అంటే పొద్దున ఏడింటికి పిలిచి మధ్యలో ఎంత గ్యాప్ ఇచ్చినా, సాయంత్రం ఏడు తర్వాత ఉంచకూడదు. హైవే మీద దీన్ని పాటించే హోటల్ చూపించమంటే నేను చూపించలేను, అది వేరే సంగతి. కొందరు ఓనర్లు 2025 జులైలో వచ్చిన, రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చన్న రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు సంగతి ఎత్తుతారు. అది వాణిజ్య సంస్థల కోసం ఇచ్చింది, షాపులకు కాదు. పైగా అందులోనూ వారానికి 48 గంటలు దాటితే ఓటీ (అదనపు గంటల జీతం) ఇవ్వాలి, విశ్రాంతితో కలిపి రోజుకు మొత్తం 12 గంటలు దాటకూడదు.

హాజరు పుస్తకంలో 'పి' అని ఒక్క అక్షరం పడుతుంది. ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి పోయారు అన్నది అందులో ఉండదు. అందుకే మీ పుస్తకం మీరు పెట్టుకోవాలి. జేబులో పట్టే చిన్నది చాలు. ఏ రోజుది ఆ రోజే, రాత్రి పడుకునేముందు రాయండి. నెలాఖరున ఒకే పెన్నుతో ముప్పై రోజులు రాస్తే చూడగానే తెలిసిపోతుంది. ఇట్లా:

"మంగళవారం. లోపలికి 7.00. టిఫిన్, అన్నం కలిపి గంట. గ్యాప్ 3.15. నాలుగింటికి సూర్యాపేట బస్సు ఆగింది, రెండు టేబుళ్లు. ఉల్లిగడ్డలు, గ్లాసులు 5.30 దాకా. బయటికి పోనియ్యలేదు. 6.15కు మళ్లీ టేబుళ్ల మీద. బయటికి 9.30."

పుస్తకానికి తోడుగా ఫోన్‌లో ఉన్నవి చెరపకండి. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో "నాలుగో టేబుల్ చూడు" అని 4.10కి వచ్చిన మెసేజ్ ఒక్కటి చాలు, ఆ టైమ్‌కు మీరు పనిలో ఉన్నట్టే. జీతం చేతికి కాకుండా ఫోన్‌పేలో వేయమనండి. చేతికే ఇస్తే తేదీ, మొత్తం అదే రాత్రి పుస్తకంలో రాసుకోండి.

ఇప్పుడు లెక్క. రోజుకు 640 రూపాయలు అనుకుందాం. 8 గంటలకు భాగిస్తే గంటకు 80. ఎనిమిది దాటిన ప్రతి గంటకూ రెట్టింపు, అంటే 160. పైన రాసిన మంగళవారం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా పద్నాలుగున్నర గంటలు. తిండికి గంట, గ్యాప్‌కు మూడు తీసేసినా ఓనర్ లెక్క ప్రకారమే పదిన్నర గంటల పని. రెండున్నర గంటల ఓటీకి 400 బాకీ. గ్యాప్‌లో నిజంగా పనిచేసినది, నాలుగు నుంచి ఐదున్నర దాకా, గంటన్నర కలిపితే ఇంకో 240. ఓనర్‌తో మాట్లాడేటప్పుడు ముందు ఆ 400తో మొదలుపెట్టండి. దాని మీద వాదించడానికి ఆయనకు ఏమీ ఉండదు. గ్యాప్ గొడవ తర్వాత.

వానొచ్చి గిరాకీ లేదనో, బంద్ అనో "ఇయ్యాల పో, ఫోన్ చేస్తే రా" అని పంపేస్తే ఏం చేయాలి? 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రోజు లెక్కన జీతం ఉన్నవాడికి ఓనర్ పని చూపించకపోతే పూర్తి రోజు జీతం ఇవ్వాలి, పనివాడే చేయనంటే తప్ప. అందుకని గొడవ పడకుండా, గేటు దాటకముందే ఒక మెసేజ్ పెట్టండి: "సార్, డ్యూటీకి వచ్చిన. పనికి రెడీగా ఉన్న. మీరు పొమ్మంటే పోతున్న." దానికి జవాబు రాకపోయినా సరే, పంపిన టైమ్ ఉంటుంది కదా.

ఫంక్షన్లకు వడ్డించడానికి పోయేవాళ్ల కథ ఇంకా అన్యాయం. మిర్యాలగూడలో పెండ్లి అంటారు, మూడింటికే వ్యాన్ ఎక్కిస్తారు. బరాత్ ఆలస్యం, విందు తొమ్మిదింటికి మొదలు, ఆఖరి చుట్టాలు తినేసరికి పన్నెండు. గిన్నెలు ఎక్కించి ఇంటి దగ్గర దిగేసరికి రెండు. ఇచ్చేది మాత్రం "ఫంక్షన్‌కు ఇంత". ఇక్కడ చట్టం పట్టుకుని కూర్చునే కంటే ముందే మాట్లాడుకోవడం మేలు: వ్యాన్ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా లెక్క, రాత్రి పదకొండు దాటితే గంటకు ఇంత ఎక్కువ. ముహూర్తాల సీజన్‌లో మనుషులు దొరక్క, వడ్డించేవాళ్లను తీసుకుపోయే మేస్త్రీలే ఫోన్లు చేస్తుంటారు, అప్పుడే ఒప్పించుకోవాలి.

ఓనర్‌ను అడిగేది రష్‌లో కాదు, నలుగురి ముందూ కాదు. గిరాకీ తగ్గాక, పుస్తకం చేతిలో పెట్టుకుని, ఒక్క నెల లెక్కే చూపించండి. "సార్, మీరే చూడండి, ఇందులో తప్పుంటే చెప్పండి" అంటే చాలా మంది ఎంతో కొంత ఇచ్చి సర్దుకుంటారు. కొందరు "రేపటి నుంచి రావద్దు" అంటారు, అది కూడా జరుగుతుంది. అందుకే ఒంటరిగా అడగకండి, వంట మాస్టర్, క్లీనర్, సప్లయర్ కలిసి అడగండి. అడ్వాన్స్ తీసుకుని ఉంటే అది ఎంత మిగిలిందో ముందే తేల్చుకోండి, లేకపోతే మాట అక్కడికే మళ్లుతుంది. పనిలోంచి తీసేస్తే రెండు పనిదినాల్లో మొత్తం జీతం ఇచ్చి పంపాలని పైన చెప్పిన వేతనాల కోడే చెబుతోంది.

ఇవ్వకపోతే మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు ఫిర్యాదు రాయండి. ఒక పేజీ చాలు: హోటల్ పేరు, చేరిన తేదీ, రోజు జీతం, రావాల్సిన మొత్తం. హోటళ్లకు ప్రస్తుత కనీస వేతనం ఎంతో కూడా అక్కడే అడగండి, కరువు భత్యం ఏప్రిల్, అక్టోబర్‌లలో మారుతుంది. జీతం ఇచ్చేశానని నిరూపించాల్సిన బాధ్యత ఓనర్‌దే, మీది కాదు. మూడేళ్ల లోపు బాకీ అడగవచ్చు కాబట్టి మానేసిన హోటల్ మీద కూడా పెట్టవచ్చు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంది. వకీలు కావాలంటే 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవా సంస్థ వాళ్లు మాట్లాడతారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

ఫిర్యాదుకు పుస్తకం జిరాక్స్ మాత్రమే జత చేయండి, అసలుది ఎవరడిగినా చూపించి వెనక్కి తీసుకోండి. మీ దగ్గరుండే కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకున్నాకే ఆఫీసు నుంచి బయటికి రండి.