మాట్లాడని యోధుడిని చదవడం ఎలా

కడపలో మేము కొందరం ఆదివారం పూట ఒకరి ఇంట్లో చేరి నవలలు చదువుకుంటూ ఉంటాము. ఈమధ్య చదివిన ఒక ఫాంటసీ నవలలో, వాన కురిసే రాత్రి ఒక ఊరికి వచ్చి చేరే యోధుడు ఉన్నాడు. అతడు తన పేరు చెప్పడు, అడిగినదానికి జవాబివ్వడు, నడుముకున్న కత్తిని ఒరతో కలిపి తోలుతాడుతో ఏడు ముడులు వేసి బిగించి ఉంచుతాడు. నవల పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇంకా చదవనివారికి అందులోని ఆనందం పోకూడదు. అయితే ఇలాంటి పాత్రను అర్థం చేసుకునే పద్ధతి ఏ ఫాంటసీ నవలకైనా పనికివస్తుంది కనుక, మేము నేర్చుకున్నది వివరంగా రాస్తున్నాను.

మొదటి అధ్యాయాలు పూర్తికాకముందే మాలో ఒక డిగ్రీ విద్యార్థి, "సార్, వీడు పగ తీర్చుకునేదానికే వచ్చినాడు" అని తేల్చేశాడు. ఆ తొందర అతనొక్కడిదే కాదు. ఫ్యాక్షన్ సినిమాలు చూస్తూ పెరిగిన మన సీమ పాఠకులకు, ఆయుధం పట్టిన మనిషి మౌనంగా కనిపిస్తే ఆ మౌనం వెనుక పగ తప్ప మరొకటి తోచదు. కాబట్టి అన్నిటికన్నా ముందు, పాత్ర మీద మనకు కలిగిన తొలి అభిప్రాయాన్ని ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టాలి. మనసులోనే ఉంచుకుంటే అది ప్రతి పేజీనీ తనవైపు లాగుతుంది; కాగితం మీద ఉంటే దానిని తర్వాత పరీక్షకు పెట్టవచ్చు.

నవలను ఒకసారి కథ కోసం పూర్తిగా చదివిన తర్వాత, రెండోసారి ఆ యోధుడు కనిపించే దృశ్యాలను మాత్రమే వరుసగా చదవాలి. నోటుపుస్తకంలో పేజీ మధ్య గీత గీసి, ఎడమవైపు అతడు చేసినట్టు కథకుడు చూపించిన పనులనూ, కుడివైపు అతని గురించి ఇతరులు చెప్పిన మాటలనూ, పేజీ నంబరుతో సహా రాసుకోవాలి. ఈ రెండూ కలిసిపోవడం వల్లనే చాలా వ్యాఖ్యానాలు దారి తప్పుతాయి. కర్నూలు సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరితీసిన ఈస్టిండియా కంపెనీ దృష్టిలో ఆయన తిరుగుబాటుదారు; పల్లె జనం పాడుకున్న పాటల్లో వీరుడు. మనిషి ఒక్కడే అయినా చెప్పేవారు మారితే రూపం మారుతుంది. నవలలో సత్రం యజమాని "వాడు నరహంతకుడు" అన్నాడంటే, దాని నుంచి మనకు రుజువుగా దక్కేది సత్రం యజమాని భయం మాత్రమే.

ఎడమవైపు రాసుకున్నవాటిలో చేతులకు సంబంధించిన వివరాలను ప్రత్యేకంగా చూడాలి. నోరు దాచినదాన్ని చేతులు దాచలేవని భారత కథ మనకు ఎప్పుడో చూపించింది. వానలు పడనప్పుడు మన పల్లెల్లో చదివించే విరాటపర్వాన్నే తీసుకుందాము. అజ్ఞాతవాసానికి బృహన్నల వేషం ఎంచుకున్న అర్జునుడికి పేరు మార్చుకోవడం, నాట్యం నేర్పడం కష్టం కాలేదు. వింటినారి ఒరిసి ఒరిసి ముంజేతుల మీద ఏర్పడిన కాయలే చిక్కు తెచ్చాయి. వాటిని గాజులతో కప్పుకోవలసి వచ్చింది. పాత్ర ఎక్కడ గాజులు తొడుక్కుందో కనిపెట్టగలిగితే, కాయలు ఎక్కడ ఉన్నాయో తెలిసినట్టే. అదే పర్వంలో జమ్మిచెట్టు దగ్గర ఉత్తరకుమారుడు, నేనే అర్జునుణ్ణి అన్న మాటను వెంటనే నమ్మడు. అర్జునుడి పది పేర్లూ, ఒక్కొక్కటి రావడానికి కారణమూ చెప్పమంటాడు. రెండు చేతులతోనూ విల్లు వాడగలవాడు కనుక సవ్యసాచి అన్నట్టు, ప్రతి పేరు వెనుకా ఒక పనో ఒక గుణమో ఉంది. నవలలో యోధుడిని జనం ఏ పేరుతో పిలిచినా, ఆ పేరు ఎవరు పెట్టారు, ఏ పనిని చూసి పెట్టారు అని ఉత్తరుడిలాగే నిలదీయాలి.

మా నవలలో ఈ పద్ధతి ఫలించిన సందర్భం చెబుతాను. ముడులు వేసే దృశ్యం మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ అతడు తాడు కొసను పంటితో పట్టుకుని కుడిచేత్తో బిగిస్తాడు. ఎడమచేతి వేళ్లు వంగవని నవలలో ఎవరూ అనలేదు, కథకుడూ చెప్పలేదు. మాతో చదివే ఒక అమ్మాయి ఆ మూడు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూపించేవరకు మాలో ఎవరికీ తట్టలేదు. దానితో ఆమె ఆగలేదు. అతడు నవల మొత్తంలో ఒకే ఒక్కసారి గొంతెత్తి అరుస్తాడు. అది శత్రువును చూసి కాదు, సత్రంలోని చిన్నపిల్లవాడు ఆ ముడుల మీద చెయ్యి వేసినప్పుడు. కత్తిని శత్రువు కోసం దాచుకునేవాడు దానిని వెంటనే దూయడానికి వీలుగా ఉంచుకుంటాడు గాని, విప్పడానికి అరపూట పట్టేలా కట్టుకోడు. ముడులు తన చేతి నుంచి ఇతరులను కాపాడటానికే వేసుకున్నాడన్నది ఆమె వాదన. పగ అన్న తొలి అభిప్రాయం ఆ పరీక్షకు నిలవలేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనదని నేను గట్టిగా నమ్మే విషయం, ఆ మౌనం ఎవరిది అన్న ప్రశ్న. యోధుడు తోటి పాత్రల నుంచి దాచినది వేరు, రచయిత పాఠకుల నుంచి దాచినది వేరు. కథకుడు యోధుడి మనసులోకి వెళ్లకుండా బయటే నిలబడి చూస్తూ ఉంటే, ఆ మౌనం యోధుడిదే కావచ్చు. అది ఎవరి ముందు సడలుతుందో, ఎవరి ముందు బిగుసుకుంటుందో గమనిస్తే అతని స్వభావం బయటపడుతుంది. అలా కాక, అతని ఆలోచనలన్నీ మనకు వినిపిస్తూనే ఒక్క గతాన్ని మాత్రం తప్పించారంటే, లేదా కథలో అందరికీ తెలిసిన సంగతి మనకొక్కరికే చెప్పలేదంటే, అది ఉత్కంఠ నిలపడానికి రచయిత చేసిన ఏర్పాటు. దానిని పాత్ర గుణంగా లెక్కగట్టి, ఎంత గంభీరుడో అని మెచ్చుకోవడం సరికాదు. ఈ తేడా గుర్తించడానికి ఓపిక కావాలి, ఒక్కొక్క దృశ్యాన్నీ విడిగా తూచాలి.

చేసిన పనులతో పాటు, చేయగలిగి కూడా చేయని పనులను, అతని చుట్టూ ఉన్నవారిని లెక్కలోకి తీసుకోవాలి. మన జిల్లాల్లో ఊరి బయట కనిపించే వీరగల్లులను, అంటే వీరుల గుర్తుగా బొమ్మలు చెక్కి నిలిపిన రాళ్లను, చూసి ఈ అలవాటు చేసుకోవచ్చు. చాలావాటి మీద అక్షరం ఉండదు. అయినా కింది వరుసలో పోరు, ఆ పక్కన ఆవులు ఉంటే, ఆ మనిషి పశువుల మంద కోసం పోరాడినవాడని చెప్పగలుగుతాము. పై వరుసలో అతణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు ఉంటే, ఆ పోరులోనే చనిపోయాడని తెలుస్తుంది. ఆయుధం ఒక్కటే చూసి వెనుదిరిగితే ఈ కథంతా అందదు. నవలలోనూ యోధుడి పక్కన ఎవరున్నారు, అతడు ఎవరికి అడ్డంగా నిలబడ్డాడు, ఎవరిని చంపే అవకాశం ఉండి వదిలేశాడు అన్నవి కత్తి వర్ణన కంటే ఎక్కువ చెబుతాయి.

చివరికి అర పేజీకి మించకుండా మన వ్యాఖ్యానం రాసి, ప్రతి వాక్యం పక్కన దానికి ఆధారమైన పేజీ నంబరు వేయాలి. నంబరు దొరకని వాక్యాన్ని, ఎంత అందంగా కుదిరినా, కొట్టివేయాలి. ఆధారాలు ఒకదానికొకటి ఎదురు నిలిస్తే రెండింటినీ ఉంచాలి. జోస్యాలను, శాపాలను, వంశవృక్షాలను అడ్డం పెట్టుకుని ఖాళీలు పూరించడం ఫాంటసీ పాఠకులకు సులువుగా అలవాటయ్యే పొరపాటు. ఆ అమ్మాయి రాసిన అర పేజీలో పదకొండు వాక్యాలున్నాయి. పదింటికి పేజీ నంబర్లు ఉన్నాయి. పదకొండోది, ముడులు ఏడే ఎందుకు వేశాడో నవలలో దొరకలేదు అన్న వాక్యం. దాని పక్కన ఆమె నంబరు వేయకుండా చోటు వదిలింది.