ఎత్తు తగ్గించిన పాతకాలపు కారుకు అసలు సస్పెన్షన్ భాగాలనే సరిపెట్టుకోవడం

కారు ఎత్తు తగ్గించాలనుకున్నప్పుడు అందరి చూపూ స్ప్రింగుల మీదే ఉంటుంది. బుష్‌లు (కీళ్ల దగ్గరుండే రబ్బరు తొడుగులు), షాక్ అబ్జార్బర్లు, బంప్ రబ్బర్లు (చక్రం మరీ పైకి లేచినప్పుడు ఆనే రబ్బరు దిమ్మెలు), బ్రేక్ హోస్‌లు (బ్రేక్ ద్రవం వెళ్లే మెత్తని గొట్టాలు) కూడా పాత ఎత్తును లెక్కలోకి తీసుకుని చేసినవే కాబట్టి, వాటినే వాడదలచుకున్నవారు ఒక్కొక్కదాన్నీ కొత్త ఎత్తుకు విడిగా సరిచూసుకోవాలి.

ముందుగా కారును చదునైన నేల మీద నిలిపి, ప్రతి చక్రం మధ్యబిందువు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచి రాసుకోవాలి. కారు బరువు మీద ఉండగానే, స్ప్రింగులో ఒక చుట్టు మధ్య నుంచి పై చుట్టు మధ్యకు ఉన్న దూరాన్నీ కొలవాలి. ఉదాహరణకు ఆ దూరం 40 మి.మీ. ఉండి, స్ప్రింగు కంట్రోల్ ఆర్మ్‌కు (ఒక కొస చట్రానికి కీలుతో, మరో కొస చక్రం వైపు ఉండే చేతి లాంటి భాగానికి) సరిగ్గా నడుమ కూర్చుని ఉంటే, అర చుట్టు కోసినప్పుడు స్ప్రింగు దగ్గర 20 మి.మీ., చక్రం దగ్గర దాదాపు 40 మి.మీ. తగ్గుతుంది. పనిచేసే చుట్లు (బరువుకు నిజంగా ముడుచుకునేవి) 8 ఉన్న స్ప్రింగు 7.5కి వస్తే సుమారు 7 శాతం గట్టిపడుతుంది కూడా. అందుచేత మొదట పావు చుట్టు మాత్రమే కోసి, బిగించి చూడడం మంచిది. కోసిన ముక్కను మళ్లీ అతికించలేము.

స్ప్రింగును స్ప్రింగ్ కంప్రెసర్‌తో (స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టుతో) అదిమి పట్టాకే బయటికి తీయాలి. కోతకు కటింగ్ వీల్ వాడి, మధ్యమధ్యలో ఆగుతూ చల్లారనివ్వాలి. గ్యాస్ మంట తగిలితే ఉక్కు పదును పోయి స్ప్రింగు కుంగిపోతుంది. కొస లోపలికి ముడుచుకున్నా, చదునుగా అరగదీసి ఉన్నా ఆ వైపు కోయకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే పరీక్ష ఒకటుంది. స్ప్రింగు తీసేసి, స్టాండ్ల మీద నిలిపిన కారు చక్రాన్ని జాకీతో మెల్లగా పైకి లేపి, బంప్ రబ్బరు ఆనేసరికి షాక్ అబ్జార్బర్‌లో ఇంకా కదలిక మిగిలి ఉందా, టైరు ఎక్కడైనా రాసుకుంటోందా, హోస్ నలుగుతోందా అని చూడాలి. రబ్బరును కొంత కోయవచ్చుగానీ, లోహం లోహానికి తగిలే ముందు అది ఆనేంత మందం తప్పక ఉండాలి. స్ప్రింగు తిరిగి పెట్టాక చక్రాన్ని వేలాడదీసి, స్ప్రింగును చేత్తో తిప్పి చూడాలి. వదులుగా తిరిగితే చక్రం అంతగా కిందికి జారకుండా పట్టీ కట్టక తప్పదు.

వెనుక చుట్టల స్ప్రింగులకు బదులు కమాన్ పట్టీలు (ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఉంటే, ఇరుసు పట్టీల పైన ఉందో కింద ఉందో ముందు చూసుకోవాలి. ఇరుసు కింద ఉంటే, పట్టీకీ ఇరుసుకూ మధ్య దిమ్మె పెడితే ఎత్తు పెరుగుతుంది. ఇరుసు పైన ఉంటే తగ్గుతుంది. పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు మాత్రం కొత్తవి, తగినంత పొడవైనవి వేయాలి.

లోపలి, బయటి గొట్టాలకు రబ్బరు అతుక్కుని ఉండే బుష్‌లు మెలిక తిరుగుతూ పనిచేస్తాయి. చక్రాలు వేలాడుతుండగా వాటి బోల్టులు బిగిస్తే, కారు నేల మీదికి దిగగానే మెలిక పడిపోయి కొద్ది నెలల్లోనే చిరుగుతాయి. నేను మొదటిసారి చేసిన పొరపాటు ఇదే. అన్నిటినీ వదులుగా ఉంచి, కారును చక్రాల మీద నిలిపి, రెండుమూడుసార్లు అదిమి వదిలిన తర్వాతే పూర్తి బిగువు ఇవ్వాలి. వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల కోణం ఆ తర్వాతే సరిచేయించాలి.