పాత కారు అల్లాయ్ చక్రాలకు మళ్ళీ రంగు వేసే ముందు

పాత కారు చక్రాలను గీకి కొత్త రంగు వేయాలనుకునేవారు సాధారణంగా ఏ రంగు, ఎంత మెరుపు అన్న లెక్కలతో మొదలుపెడతారు. నిజానికి ముందు తేల్చుకోవలసింది చక్రం ఏ లోహమన్నది. అల్లాయ్ అన్న ఒక్క మాట కిందే అల్యూమినియం మిశ్రమమూ, మెగ్నీషియం మిశ్రమమూ చెలామణీ అవుతున్నాయి. 1960లలో పేరుపడిన మినిలైట్ చక్రాలు మొదట మెగ్నీషియంతో పోతపోసినవే. అదే రూపంలో తరువాత అల్యూమినియంవీ వచ్చాయి కనుక కంటితో పోల్చుకోవడం కష్టం.

ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే మెగ్నీషియం 1.74 గ్రాములే తూగుతుంది గానీ, చేతిలో ఉన్న ఒక్క చక్రాన్ని ఎత్తి చూసి తేల్చడం అనుభవజ్ఞులకే సాధ్యం. అంతకంటే సులువు వెనిగర్ పరీక్ష. చక్రం వెనుక వైపు చిటికెన వేలి గోరంత మేర రంగు గీకి, లోహం తళుక్కుమన్నాక ఒక్క చుక్క వేయాలి. చుక్క అడుగు నుంచి సన్నని బుడగలు బుసబుసా లేస్తే అది మెగ్నీషియం. అల్యూమినియం మీదైతే చుక్క కదలక మెదలక అలాగే నిలుస్తుంది. చూసిన వెంటనే తుడిచేయాలి.

మెగ్నీషియమని తేలితే ఇంట్లో గీకే ఆలోచన మానుకుని, ఆ పని తెలిసినవారికి అప్పగించడం మేలని నా అభిప్రాయం. దాని సన్నని రజను నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, ఆ మంట మీద నీళ్ళు పోస్తే హైడ్రోజన్ పుట్టి మరింత రేగుతుంది. అప్పుడు పనికొచ్చేవి పొడి ఇసుక, లోహపు మంటల కోసం ప్రత్యేకించిన డి తరగతి పొడి సిలిండరు మాత్రమే.

అల్యూమినియం చక్రానికి ఎక్కువ చేటు చేసేది రంగు ఊడదీసే మందు. కాస్టిక్ సోడా కలిసినదైతే రంగుతో పాటు లోహాన్నీ తినేస్తుంది. మిథిలీన్ క్లోరైడ్ ఉన్నదైతే దాని ఆవిరి ఒంట్లోకి వెళ్ళి కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. మూసిన గదుల్లో దానితో పనిచేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు, గుడ్డ మాస్కు దాన్ని ఏమాత్రం ఆపదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉన్న చక్రాల క్లీనర్లను దగ్గరికే రానీయకూడదు, ఎందుకంటే అది చర్మం మీద పడినప్పుడు వెంటనే నొప్పి తెలియకపోయినా లోపలికి ఇంకుతూనే ఉంటుంది. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్దకుండా నీటి ఉప్పు కాగితంతో తడిపి రుద్దాలి. ఇనుప బ్రష్షు వాడితే దాని తునకలు లోహంలో దిగబడి, తరువాత రంగు కింద తుప్పు పట్టిస్తాయి.

కారును జాకీ ఒక్కదాని మీదే వదలకుండా స్టాండ్లు పెట్టాలని వేరే చెప్పనక్కరలేదు. రెండు మూడు ముక్కలను బోల్టులతో బిగించిన రిమ్ముల విషయంలో మాత్రం, టైరులో గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులను ముట్టుకోకూడదు.

రంగు పోయాక కనిపించే చక్రమే అసలు చక్రం. కమ్మీల మొదళ్ళలో, నట్ల రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి బీటలున్నాయేమో బీటల్లోకి చొచ్చుకుపోయి వాటిని బయటపెట్టే రంగు ద్రవంతో (డై పెనెట్రెంట్) పరీక్షించాలి. బీట కనబడితే దాన్ని పుట్టీతో కప్పడం ఆత్మవంచన. వంగిన అంచును గ్యాసు మంటతో కాల్చి సరిచేయడమూ అలాంటిదే, వేడి హెచ్చితే లోహపు గట్టిదనం తగ్గిపోతుంది.

గట్టిపడడానికి హార్డెనర్ కలిపే క్లియర్ కోటులో, అంటే రంగు పైన వేసే పారదర్శకమైన పూతలో, ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఆస్తమాను తెచ్చిపెడతాయి. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకపోతే ఆ స్ప్రే పనిని వర్క్‌షాపుకే వదలాలి.

చివరి మాట నా పొరపాటు గురించి. మొదటిసారి నేను నట్లు కూర్చునే గుంటల్లోనూ, చక్రం హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగం) ఆనే ముఖం మీదా అందంగా రంగు వేశాను. నాలుగు రోజులు తిరిగాక రెంచి పెడితే ప్రతి నట్టూ దాదాపు అర చుట్టు తిరిగింది. ఆ రంగు పొర నలిగిపోయి బిగువు వదిలేసింది. అప్పటి నుంచి ఆ రెండు చోట్లా టేపు వేసి లోహాన్ని ఖాళీగానే ఉంచుతున్నాను. బిగువును కొలిచే టార్క్ రెంచితో కారు పుస్తకంలో ఇచ్చిన మేరకు బిగించి, 80 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక, చక్రాలు చల్లారనిచ్చి మరోసారి బిగువు చూస్తున్నాను.