చేపలు వేసేశాక ట్యాంక్ సైకిల్ కావట్లేదా? ముందు నల్లా నీళ్లు టెస్ట్ చేయండి

ట్యాంక్ కొన్న రోజే చేపలూ వేసేశారు. షాపతను పర్లేదన్నాడు, పిల్లలు ఆగలేదు, అయిపోయింది. ఇప్పుడు వాటిని తీసి పెట్టడానికి ఇంకో చోటు లేదు కాబట్టి చేపలు ఉండగానే సైకిల్ నడిపించాలి, అంటే అమోనియాను మార్చే బ్యాక్టీరియా ట్యాంకులో స్థిరపడేలా చూడాలి. అయ్యే పనే. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు వదిలే అమోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయన్న సంగతి, నీళ్లు మార్చే పద్ధతి మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

"చేపలు చచ్చిపోతున్నాయి, ఏ మందు వేయాలి?" అని ఎవరడిగినా నా ఎదురు ప్రశ్న ఒకటే: అమోనియా ఎంతుంది? జవాబు ఉండదు. "నీళ్లు క్లియర్‌గానే ఉన్నాయండీ" అంటారు. అమోనియాకు రంగు ఉండదు, చూసి చెప్పలేం. కాగితం స్ట్రిప్పుల్లో చాలావాటికి అమోనియా గడే ఉండదు, కాబట్టి చుక్కలు వేసి చూసే కిట్ కొనండి. చేపల కన్నా కిట్ ఖరీదు ఎక్కువని బాధపడొద్దు. కొన్నాక రెండు టెస్ట్ గొట్టాలు పెట్టండి: ఒకదాంట్లో ట్యాంక్ నీళ్లు, రెండోదాంట్లో మీరు మార్చడానికి వాడే నీళ్లు. ఈ రెండో గొట్టం ఎవరూ పెట్టరు. అసలు గొడవంతా అక్కడే ఉంటుంది.

మొదటి వారంలోనే చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి

దాదాపు ఎప్పుడూ అమోనియానే. ఎయిర్ పంపు పెట్టగానే అరగంటలో తేరుకుంటే ఆక్సిజన్ తక్కువైనట్టు. మే నెలలో నీళ్లు 30 డిగ్రీలు దాటినప్పుడు అది మామూలే. పంపు పెట్టినా తేరుకోకపోతే టెస్ట్ చేయండి. అమోనియా 0.5 పీపీఎం (లీటరుకు అర మిల్లీగ్రాము) దాటితే నీళ్లు మార్చండి, మేత రెండు రోజులకోసారి చిటికెడు చాలు. రెండడుగుల ట్యాంకులో 60, 70 లీటర్లే పడతాయి. అందులో అరడజను గోల్డ్ ఫిష్ ఉంటే సగం వెనక్కి ఇచ్చేయండి. అన్ని చేపలతో ఏ చిట్కా పనిచేయదు.

నీళ్లు పాలలా తెల్లబడ్డాయి

వదిలేయండి. కొన్ని రోజుల్లో అదే పోతుంది. ట్యాంకంతా ఖాళీ చేసి కడిగారంటే మళ్లీ మొదటికొస్తారు.

అమోనియా తగ్గింది, చేపలు ఇంకా రొప్పుతున్నాయి

రెండు మూడు వారాలయ్యాక ఇలా ఉంటే నైట్రైట్ చూడండి. నైట్రైట్ రక్తంలోకి చేరితే రక్తం ఆక్సిజన్ మోయలేదు, మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి. లీటరుకు ఒక గ్రాము లెక్కన కల్లుప్పు వేరే గిన్నెలో కరిగించి, రోజంతా కొద్దికొద్దిగా పోయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనివ్వదు. ఉప్పు నైట్రైట్‌ను తీసేయదు, అందుకని నీళ్లు మార్చడం ఆపొద్దు. తర్వాత మార్చినప్పుడు తీసేసిన నీళ్లకు సరిపడా ఉప్పే కలపండి. ఆవిరైనదాని బదులు పోసే నీళ్లలో ఉప్పు అక్కర్లేదు.

నీళ్లు మార్చేదాకా బాగానే ఉన్నాయి, మార్చాకే పోయాయి

ఇక్కడ కాస్త ఆగి చదవండి. నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టిన కేసులన్నీ ఇవే. ఇది జరిగిన ఇంట్లో వాళ్లు "నీళ్లు మారిస్తే చేపలు చస్తాయి" అని తేల్చేసుకుని అసలు మార్చడమే మానేస్తారు. అమోనియా ఇంకా పెరుగుతుంది, ఆ తర్వాత మార్చినప్పుడు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

అందరికీ ముందు క్లోరిన్ మీదే అనుమానం. అది నిజమైతే గుర్తుపట్టడం తేలిక. పోసిన కొద్ది నిమిషాల్లోనే చేపలు పిచ్చెక్కినట్టు అటూ ఇటూ దూకుతాయి, బకెట్ దగ్గర ముక్కు పెడితే వాసన తెలుస్తుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపుకు తగిలించే, గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి ఒక రోజు నిల్వ ఉంచండి. బోరు నీళ్లే కదా, క్లోరిన్ ఎక్కడిదని ధీమాగా ఉండొద్దు. సంపు కడిగిన రోజు వాచ్‌మన్ అందులో బ్లీచింగ్ పౌడర్ ఎంత పోశాడో మీకు తెలియదు.

క్లోరిన్ కాదు, చుక్కలు కూడా వేశారు, అయినా గంటా రెండు గంటల్లో చేపలు అడుగున పడిపోయాయంటే పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత) చూడండి.

మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఏర్పాటు చాలాచోట్ల ఇలా ఉంటుంది: వంటింట్లో ఒక నల్లాకు మంజీరా లైను, బాత్రూముల్లో బోరు. ఏ జలాశయం నుంచి వచ్చినా మనం మంజీరా అనే అంటాం. కృష్ణా నీళ్లు కావచ్చు, గోదావరి నీళ్లు కావచ్చు. ట్యాంక్ మొదటిసారి నింపినప్పుడు మంచి నీళ్లు పోయాలని వంటింటి నల్లా నుంచి మోసుకొస్తారు. వారం తిరిగాక ఓపిక ఉండదు. బాత్రూమ్ నల్లాకు పైపు తగిలించేస్తారు. లేదా వంటింట్లో పట్టినవే, కానీ ఆ వారం సప్లై రాక అసోసియేషన్ వాళ్లు సంపులో ట్యాంకర్ పోయించారు. మణికొండ, నిజాంపేట వైపు ఎండాకాలంలో ఇది మామూలు కథే. నల్లా అదే, నీళ్లు వేరు.

దీనికీ చేపలు చావడానికీ సంబంధం ఏమిటంటే, కిట్ చూపించే అమోనియా మొత్తం విషం కాదు. అందులో ఎక్కువ భాగం అమోనియం రూపంలో ఉంటుంది, అది చేపకు పెద్దగా హాని చేయదు. విషం భాగం ఎంత అనేది పీహెచ్ చేతిలో ఉంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తంలో 0.6 శాతమే విషం. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. మీ ట్యాంకులో 1 పీపీఎం అమోనియా, పీహెచ్ 7 ఉన్నాయనుకోండి. పుస్తకంలో చెప్పినట్టే సగం నీళ్లు తీసి గట్టి (ఖనిజ లవణాలు ఎక్కువున్న) బోరు నీళ్లు పోశారు. అమోనియా 0.5కు దిగింది, పీహెచ్ 8కి ఎక్కింది. లెక్క వేస్తే విషం దాదాపు ఐదు రెట్లు అయింది. కిట్ మాత్రం తగ్గిందనే చూపిస్తుంది. అందుకే ఇది అంత తేలిగ్గా దొరకదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బోరు నీళ్లు పట్టిన వెంటనే పీహెచ్ చూస్తే 7.2 అని రావచ్చు. భూమిలోంచి వచ్చేటప్పుడు వాటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కరిగి ఉంటుంది, అది పీహెచ్‌ను కిందకు లాగి పెడుతుంది. ట్యాంకులో గాలి తగిలి ఆ గ్యాస్ పోగానే పీహెచ్ తన అసలు స్థాయికి ఎక్కుతుంది. కాబట్టి నల్లా దగ్గర చూసిన పీహెచ్‌ను నమ్మకండి. ఒక మగ్గు నీళ్లలో రాత్రంతా ఎయిర్ స్టోన్ వదిలి పొద్దున్నే చూడండి. ఏడున్నర దాటని నీళ్లు ఎనిమిది పైకి ఎక్కడం చాలాసార్లు చూశాను. ఈ ఒక్క చెక్ చేయమని చెబితే "ఓ అదా, చేశాం" అంటారు. అడిగితే తేలేదేమిటంటే, నల్లా కింద పెట్టి చూశారు.

పరిష్కారం: ఏదో ఒక నీటికే కట్టుబడండి. నిజానికి బోరు నీళ్లు చెడ్డవి కావు. గట్టి నీళ్లలో బ్యాక్టీరియా బాగానే పెరుగుతాయి, గప్పీలు, మాలీలు హాయిగా ఉంటాయి. మొదటి నుంచీ బోరే పోసి ఉంటే ఈ సమస్యే రాదు. కాకపోతే పీహెచ్ 8 పైన ఉంటుంది కాబట్టి అమోనియా 0.25 కనిపించగానే మార్చాలి. తంటా అంతా కలపడంతోనే. మీది మంజీరాతో నింపిన ట్యాంక్ అయితే సప్లై వచ్చిన రోజు ఒక డ్రమ్ము పట్టి పెట్టుకోండి. మార్చే ముందు రాత్రి గాలి పట్టించి, పీహెచ్ ట్యాంకుతో పోల్చండి. తేడా అర పాయింటు లోపుంటే సగం మార్చినా ఫర్వాలేదు. అంతకు మించి తేడా ఉండి వేరే నీళ్లు దొరక్కపోతే మేత పూర్తిగా ఆపి, రోజుకు రెండుసార్లు పదో వంతు చొప్పున మార్చండి. ఇప్పటికే పోసేసి చేపలు పడిపోతుంటే, పాత రకం నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయేమో చూడండి, పక్క ఫ్లాట్‌లో అడిగినా సరే. వాటికి యాంటీ క్లోరిన్ వేసి, వాటితోనే మార్చండి. పీహెచ్ తగ్గించే సీసాల జోలికి మాత్రం పోవద్దు. గట్టి నీళ్లలో సాయంత్రానికి దిగిన పీహెచ్ పొద్దున్నకి మళ్లీ ఎక్కుతుంది.

నెల దాటింది, అమోనియా సున్నాకు రావడం లేదు

బ్యాక్టీరియాను మీరే చంపుతున్నారు. స్పాంజిని క్లోరిన్ ఉన్న నల్లా నీళ్లలో పిండుతున్నారా? ట్యాంక్ నుంచి తీసిన బకెట్ నీళ్లలోనే పిండండి. కొత్త స్పాంజి మార్చేశారా? శబ్దం అవుతోందని రాత్రిళ్లు ఫిల్టర్ ఆపేస్తున్నారా? నీళ్లు మార్చినప్పుడల్లా షాపులో ఇచ్చిన నీలం మందు చుక్కలు వేస్తున్నారా? ఆ మిథిలీన్ బ్లూ మీకు కావలసిన బ్యాక్టీరియానే దెబ్బతీస్తుంది, జబ్బు లేకుండా అది ఎందుకో నాకు అర్థం కాదు. ఇవేవీ కాకపోతే, శుభ్రంగా ఉంటాయని ఆర్వో నీళ్లు పోస్తున్నారేమో. వాటిలో కార్బొనేట్లు దాదాపు ఉండవు. సైకిల్ నడిచేకొద్దీ పీహెచ్ పడిపోతుంది, 6 దగ్గరకు వచ్చేసరికి బ్యాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది. కొంచెం కొంచెంగా నల్లా నీళ్లకు మారండి.

దోమల మందు, రూమ్ ఫ్రెషనర్, కొత్త పెయింట్ వాసన లాంటివాటి గురించి చివర్లో ఆలోచించండి. పైవన్నీ చూశాకే.

సైకిల్ పూర్తయిందని చెప్పాలంటే మామూలుగా మేత వేస్తున్నా వారం రోజుల పాటు అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ కనిపించింది కదా అని కొత్త చేపలు తేవద్దు. ఇక్కడి బోర్లలో చాలావాటిలో నైట్రేట్ ముందే ఉంటుంది, చేపలు వేయని ట్యాంకులోనూ కిట్ ఎర్రగానే చూపిస్తుంది. బకెట్ నీళ్ల రీడింగు కన్నా ట్యాంకు రీడింగు ఎక్కువ ఉందా అన్నదే చూడండి. ఉంటే రెండేసి చేపలు తెచ్చుకోండి, ప్రతిసారీ వారం గ్యాప్ ఇచ్చి.