ఆఫీస్ పని మీద స్కాట్లాండ్ వెళ్తే, మునిగిన ఓడల దగ్గర డైవింగ్‌కి ఒక రోజు

రొయ్యల ఎగుమతి పని మీద నెల్లూరు, ఒంగోలు నుంచి స్కాట్లాండ్ వెళ్ళేవాళ్ళు వీలు చూసుకుని ఆర్క్నీ దీవుల్లో స్కాపా ఫ్లోలో డైవ్ చేయండి, 1919 జూన్ 21న జర్మన్ నేవీ తన ఓడల్ని తనే ముంచేసుకున్న చోటు అది. ముందు టికెట్ల సంగతి చూసుకోవాలి, డైవ్ అయ్యాక 24 గంటలు విమానం ఎక్కకపోవడం మంచిది కాబట్టి డైవ్ ముందు పెట్టుకుని మీటింగ్ తర్వాత పెట్టుకోండి, ఫ్లైట్ ఆ పైన. స్కాట్లాండ్ ఒడ్డున ఉన్న స్క్రాబ్‌స్టర్ రేవు నుంచి ఆర్క్నీలోని స్ట్రోమ్‌నెస్‌కి ఫెర్రీలో గంటన్నర.

అసలు ఇబ్బంది చలితోనే. మైపాడు నీళ్ళకి అలవాటైన ఒళ్ళు మనది, అక్కడ ఎండాకాలంలో కూడా 12, 13 డిగ్రీలే, డ్రై సూట్ (ఒంటికి నీళ్ళు తగలనివ్వని డైవింగ్ సూట్) లేకుండా దిగే మాటే వద్దు. ఆ సూట్ ట్రైనింగ్ ముందే అయిపోవాలి, ఓడ దగ్గర మొదటిసారి తొడుక్కోవడం చాలా ప్రమాదం. మెడకి, మణికట్లకి నీళ్ళు రాకుండా బిగుతుగా పట్టుకునే లేటెక్స్ (పల్చని రబ్బరు) సీల్ ఉంటది, వాచీ ఉంగరాలు తీసేసి, టాల్కమ్ పౌడర్ రాసి, వేళ్ళు దగ్గరికి ముడిచి మెల్లిగా దూర్చాలి, గోరు తగిలిందా చిరిగిపోద్ది, సీల్ కింద వెంట్రుకలు ఇరుక్కున్నా నీళ్ళు లోపలికొచ్చేస్తాయి.

మునిగిన ఆ జర్మన్ ఓడల్లో క్రూయిజర్లు (ఒక రకం యుద్ధనౌకలు) దాదాపు 35 మీటర్ల లోతులో ఉన్నాయి, డీప్ డైవింగ్ నేర్చుకున్నోళ్ళకే అది. టార్చ్‌లు రెండు పెట్టుకోండి, ఓడ లోపలికి మాత్రం దూరొద్దు. అక్కడే మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక రాయల్ ఓక్ దగ్గర డైవింగ్ నిషేధం, 1939లో 800 మందికి పైగా చనిపోయిన ఓడ, అది వాళ్ళ సమాధి. బోటు సీటు, సిలిండర్లు ముందే బుక్ చేసుకుని, డైవింగ్ సర్టిఫికెట్ కార్డు పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోండి.